ఒక కాలా, రెండు కాళ్ళా?

ఆర్గానిక్ ల్యాబ్ తలుపు తీయగానే మొహానికి కొట్టే ఆ ఘాటు వాసన మీ అందరికీ తెలుసు. ఫస్టియర్‌లో మా బ్యాచ్ సగం మంది ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తారు. నాకు మాత్రం ఇల్లు గుర్తొచ్చింది.

మాది తెనాలి. మార్కెట్ వెనక సందులో నాన్నకి మూలికల కొట్టు ఉంది. పది అడుగుల వెడల్పు ఉంటుందేమో. గోడ పొడుగునా చెక్క సొరుగులు. కరక్కాయ, తానికాయ, పిప్పళ్ళు, శొంఠి, మోడి, దుంపరాష్ట్రం, అతిమధురం, కచ్చూరాలు, బావంచాలు, సుగంధిపాల. సొరుగుల మీద పేర్లుండవు. ఏది ఎక్కడుందో నాన్న చేతికి తెలుసు. పసిపిల్లకి వసకొమ్ము కావాలని ఒకరు, బాలింతకి కాయం సామాను కావాలని ఒకరు, పెళ్ళికి నలుగుపిండి దినుసులని ఒకరు, వైద్యుడు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఒకరు వస్తూనే ఉంటారు. నాన్న తూచి, పొట్లం కట్టి, దారం చుట్టి ఇస్తాడు. "డాక్టరు గారూ" అని ఎవరైనా పిలిస్తే వెంటనే దిద్దుతాడు. "నేను వైద్యుణ్ణి కాదమ్మా, పొట్లాలు కట్టేవాణ్ణి."

స్కూల్లో నన్ను "కరక్కాయ" అని పిలిచేవాళ్ళు. నా యూనిఫాం కూడా ఆ వాసనే వచ్చేది మరి. అందుకే ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మా నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "బిజినెస్" అని ఊరుకునేవాణ్ణి. అలాంటి నేను థర్డ్ ఇయర్‌లో అదే కొట్టుని పెట్టుబడిగా పెట్టి స్టార్టప్ మొదలుపెట్టాను. ఎలా మొదలైందో, ఎలా ఆగిందో చెబుతాను. ఆగింది కాబట్టే రాస్తున్నాను.

ఈ-సెల్ వాళ్ళు ఐడియా కాంటెస్ట్ పెట్టినప్పుడు మా రూంలో ముగ్గురం కూర్చున్నాం. నేను కెమికల్, ఒకడు సివిల్, ఒకడు సీఎస్ఈ. వాళ్ళ పేర్లు రాయొద్దని ఒట్టు వేయించుకున్నారు కాబట్టి బ్రాంచీలతోనే పిలుస్తాను. సీఎస్ఈ వాడు ముందు యాప్ అన్నాడు. హాస్టల్ లాండ్రీ యాప్, క్యాంటీన్ యాప్, నోట్స్ యాప్. అవన్నీ పోయినేడాదే ఎవరో ఒకరు పిచ్ చేసేశారు. సివిల్ వాడు మోకాలికి ఏదో రాసుకుంటున్నాడు. వాలీబాల్ ఆడి నొప్పి తెచ్చుకుంటే, దసరాకి ఇంటి నుంచి వస్తూ నేను తెచ్చిన వావిలాకు నూనె వాడుతున్నాడు. రాసుకుంటూనే తల ఎత్తి అడిగాడు. "ఒరేయ్, దీన్ని ఎందుకు అమ్మకూడదు?"

అంతే. ఆ రాత్రి పడుకోలేదు. పొద్దునకల్లా 14 స్లైడులు తయారు. మొదటి స్లైడులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఫోటో పెట్టాం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన మనిషి, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదట్లో సంగీత కచేరీల్లో జనానికి ఉచితంగా పంచి అలవాటు చేశారట. ఆ పసుపు సీసా మీద వచ్చిన లాభంతోనే ఆంధ్రపత్రిక నడిచింది, భారతి నడిచింది. తెలుగువాడి మొట్టమొదటి వెల్‌నెస్ స్టార్టప్ ఇదేనని పెద్దక్షరాల్లో రాశాం. మొట్టమొదటిది అవునో కాదో వెతకలేదు. స్లైడుకి బాగుందని రాశాం. తర్వాత మేం చేసిన చాలా పనులకి అదే ఆరంభం అని ఇప్పుడనిపిస్తోంది.

రెండో స్లైడు మార్కెట్. 2014లో ఆయుష్‌కి ప్రత్యేకంగా మంత్రిత్వ శాఖే వచ్చింది. కోవిడ్ తర్వాత ప్రతి ఇంట్లో కషాయం కాగింది. ఈ రెండో మాటకి నాకు లెక్కలు అక్కర్లేదు, కళ్ళారా చూశాను. అప్పుడు నేను టెన్త్. మా కొట్టు ముందు తిప్పతీగ కోసం క్యూ ఉండేది. ఒకరోజు కొత్త వ్యాపారి ఒకాయన రెండు బస్తాలు దింపితే నాన్న కాడ విరిచి చూశాడు, వేళ్ళతో తడిమాడు, బుడిపెలు ఎక్కువగా ఉన్నాయని రెండు బస్తాలూ వెనక్కి పంపేశాడు. బయట క్యూ, లోపల సరుకు లేదు. అమ్మ ఆ రాత్రి గట్టిగానే గొడవపడింది. తిప్పతీగ వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు రాశారనీ, అసలు తిప్పతీగకీ దాన్ని పోలిన ఇంకో తీగకీ తేడా చూసుకోవాలని ఆయుష్ శాఖ తర్వాత చెప్పిందనీ నేను ఇంజనీరింగ్‌కి వచ్చాకే చదివాను. నాన్న అవేమీ చదవలేదు. చేతికి తేడాగా తగిలింది, వద్దన్నాడు.

ఇది కూడా స్లైడులో పెట్టాను. "30 ఏళ్ళ అనుభవం" అని.

కాంటెస్ట్‌లో మాకు రెండో బహుమతి వచ్చింది. ఆ డబ్బు నూనెకీ సీసాలకీ సరిపోతుంది. సంతోషం పట్టలేక నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అంతా విని "వద్దురా" అన్నాడు.

"ఎందుకు నాన్నా? నువ్వు రోజూ అమ్మేదే కదా."

"కొట్లో అయితే మనిషి ఎదురుగా ఉంటాడు. సీసాలో పోసి పంపిస్తే ఎవరు కొంటున్నారో మనకి కనపడదు."

నాకు అది చాదస్తంగా అనిపించింది. 30 ఏళ్ళు అదే పది అడుగుల కొట్లో కూర్చున్న మనిషికి స్కేల్ అంటే ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, నిజంగానే అలా అనుకున్నాను. రెండు వారాలాగి మళ్ళీ ఫోన్ చేశా. "నాన్నా, ల్యాబ్‌లో ఎక్స్‌ట్రాక్షన్ మీద ప్రాజెక్ట్ ఉంది. తైలం ఎలా కాస్తారో చెబుతావా?"

అది అబద్ధం. నాన్న నమ్మాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. మా ఇద్దరి మధ్య ఫోన్ ఎప్పుడూ నాలుగు నిమిషాలు దాటదు. తిన్నావా, డబ్బులున్నాయా, అమ్మకిస్తున్నా. ఆరోజు మాత్రం ఆయన గొంతే వేరుగా ఉంది. కొడుక్కి తన పని మీద ఆసక్తి కలిగిందని మురిసిపోయాడు.

నాన్న చెప్పిన లెక్క ఇది. ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాలు, కషాయం పదహారు పాలు. శార్ఙ్గధర సంహితలో ఉన్న కొలత ఇదే. మంట సన్నగా ఉండాలి. నూనె అడుగున ముద్ద మాడకుండా కలుపుతూ ఉండాలి. ఎప్పుడు దించాలో తెలియడానికి మూడు గుర్తులు. ముద్దని రెండు వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా రావాలి. ఆ వత్తిని నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. నూనె పైకి నురగ రావాలి. నెయ్యి కాస్తే మాత్రం తిరగేసి, నురగ అణగాలి.

ఆలోచించండి, అది అచ్చంగా మన సబ్జెక్టే. చిటపట అంటే తేమ మిగిలి ఉందని. తేమ ఉంటే నూనె నిలవ ఉండదు, కంపు కొడుతుంది. మాయిశ్చర్ ఎనలైజర్ లేని రోజుల్లో నిప్పే వాళ్ళ ఎనలైజర్. ఒక యూనిట్ ఆపరేషన్ మొత్తం మా నాన్న వేలి కొసన ఉంది. నేను మూడేళ్ళుగా డ్రైయింగ్ కర్వులు గీస్తున్నా ఈ సంగతి ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.

సివిల్ వాడి అద్దె గది డాబా మీద కాశాం. వావిలాకు కాలవగట్టున దొరికింది. నాలుగు లీటర్ల నువ్వుల నూనెకి పదహారు లీటర్ల కషాయం. ఆ నీళ్ళన్నీ ఆవిరైపోవాలి. సీఎస్ఈ వాడు లేటెంట్ హీట్ పెట్టి లెక్కేసి ఒక్క విడతకి సుమారు కిలోన్నర గ్యాస్ అవుతుందన్నాడు. రెండు రోజులు పట్టింది. ఇంటి ఓనరు ఆంటీ రెండుసార్లు పైకొచ్చి మేం కాసేది తాగేది కాదని నిర్ధారించుకుని వెళ్ళింది. చల్లారాక కర్పూరం కలిపి వడగడితే 50 మిల్లీలీటర్ల సీసాలు 74 వచ్చాయి. ఒక్కోటి మాకు 40 రూపాయలు పడింది. 120కి పెట్టాం.

లేబుల్ సీఎస్ఈ వాడు డిజైన్ చేశాడు. బ్రాండు పేరు ఇక్కడ రాయను, ఇప్పటికీ గుర్తొస్తే నవ్వొస్తుంది. పేరు కింద "తరతరాల రహస్యం". దాని కింద "కీళ్ళవాతం, మోకాళ్ళ నొప్పులు 7 రోజుల్లో మాయం". వెనక వైపు "నొప్పి ఉన్నచోట రోజుకి రెండుసార్లు గట్టిగా మర్దనా చేయాలి". ఆ ఏడు రోజులు ఎక్కడివని నన్నెవరూ అడగలేదు. మేం ఐదా, ఏడా, పదా అని చర్చించుకుని ఏడు బాగుందనుకున్నాం, అంతే.

మూడు వారాల్లో 56 సీసాలు అమ్ముడుపోయాయి. వాలీబాల్ టీం, జిమ్ బ్యాచ్, వర్క్‌షాప్ సార్లు, లైబ్రరీ మేడం. కొందరు మళ్ళీ వచ్చి అడిగారు. ఇద్దరు మా అమ్మకి పంపిస్తామన్నారు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న ఆ రివ్యూలు చూసుకుంటూ నేను ప్లేస్‌మెంట్స్‌కి ప్రిపేర్ అవ్వడం మానేశాను.

మన మెస్‌లో చపాతీలు కాల్చే అక్క మీకందరికీ తెలుసు. పొద్దున ఐదింటి నుంచి నిలబడే ఉంటుంది. ఒక ఆదివారం సాయంత్రం నన్ను పిలిచింది. "తమ్ముడూ, నువ్వేదో నొప్పుల నూనె అమ్ముతున్నావంట కదా. నాలుగు రోజుల నుంచి కాలు లాగేస్తోంది." డబ్బులు వద్దన్నా వినలేదు, కొంగు ముడి విప్పి వంద ఇచ్చింది. మిగతా ఇరవై తర్వాత ఇస్తానంది. "పిక్క మీద బాగా గట్టిగా రుద్దక్కా, పొద్దునా రాత్రీ" అని చెప్పి సీసా ఇచ్చాను.

కాలు చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

సోమవారం రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. రెండో విడతకి నూనె రంగు తేడాగా వస్తోంది, ఎందుకో అడగాలి. మాటల్లో ఉత్సాహం ఆపుకోలేక నోరు జారాను. "మొన్న మెస్ అక్క కూడా కొనుక్కుంది నాన్నా, కాలు నొప్పని." ఒక్క క్షణం అవతల మాట లేదు. అమ్ముతున్నావా అని అడుగుతాడనుకున్నా. అడగలేదు.

"ఒక కాలా, రెండు కాళ్ళా?"

"ఒకటే అనుకుంటా."

"అనుకోవడం కాదు. వాపుందా? ముట్టుకుంటే వేడిగా ఉందా? ఈ మధ్య ఆపరేషన్ గానీ, మంచాన పడటం గానీ ఏమైనా ఉందా?"

నాకేమీ తెలియదు. నాన్న గొంతు పెంచలేదు. "ఇప్పుడే వెళ్ళు. ఒక్క కాలే అయ్యుండి వాపుంటే, రుద్దడం ఆపమని చెప్పు. పొద్దుటిదాకా ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళు. చూసి నాకు ఫోన్ చెయ్."

మెస్ వెనక గదుల్లో అక్క పడుకోబోతోంది. చీర కాస్త పైకి లాగి చూపించింది. ఎడమ పిక్క కుడిదానికి ఒకటిన్నర రెట్లుంది. చర్మం మెరుస్తోంది. పక్కన మా సీసా, మూత తీసి ఉంది. రెండు నెలల కిందట గర్భసంచి ఆపరేషన్ అయిందట. నాలుగోసారి రుద్దబోతోంది అప్పుడు. సివిల్ వాడు వార్డెన్ సార్ని లేపాడు, సార్ కారు తీశారు.

రాత్రి పదకొండింటికి డాప్లర్ స్కాన్ తీశారు. పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. డీవీటీ అంటారట. ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదకి వస్తుందని డ్యూటీ డాక్టరు చెప్పింది. ఏమైనా రాశారా అని అడిగితే సీసా చూపించాను. ఆవిడ వెనక ఉన్న లేబుల్ చదివి తిరిగి నా చేతిలో పెట్టింది. "నూనె సంగతి నాకు తెలీదు. కానీ ఇలాంటి కాలిని గట్టిగా రుద్దకూడదు. ఇది రాసింది ఎవరు?" అంది. నేను మాట్లాడలేదు. పక్కన అక్క అంది, "పాపం మా తమ్ముడే మేడం, మంచోడు."

ఆ మాట వినడం కంటే తిట్లు తినడం సులువు.

రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఐదు రోజులు ఉంచి, తర్వాత మాత్రలు రాసిచ్చి పంపించారు. అక్క ఇప్పుడు బాగానే ఉంది, మీరు చూస్తూనే ఉన్నారు. నిలబడే పని తగ్గించి కూపన్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను సిగ్గుతో అటు వెళ్ళడం మానేస్తే తనే ఒకరోజు కేకేసి ఆ బాకీ ఇరవై రూపాయలు ఇవ్వబోయింది.

ఆ శనివారం తెనాలి వెళ్ళాను. నాన్న తిడతాడని దారి పొడుగునా సిద్ధమయ్యాను. కొట్లో జనం ఉన్నారు. "వచ్చావా, ఆ శొంఠి అందుకో" అన్నాడు. రాత్రి కొట్టు కట్టేశాక లెక్కల పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. మామూలు పొడుగు పుస్తకం. సరుకు, తూకం, డబ్బు. కొన్ని వరసల్లో మాత్రం డబ్బు రాసే చోట "వె.ప." అని ఉంది.

"వెనక్కి పంపాను అని" అన్నాడు నాన్న. "మళ్ళీ వచ్చినప్పుడు డాక్టరుకి చూపించావా అని అడగాలి కదా. మర్చిపోతానని రాసుకుంటా."

ఇంజనీరింగ్ బుద్ధి, లెక్కపెట్టాను. ఆ నెలలో 37 మంది ఉన్నారు. పక్కన పొట్టి పొట్టి మాటలు. "ఒక కాలు వాపు." "దగ్గు నెల దాటింది, కళ్ళె పరీక్ష." "షుగరు మాత్రలు మానేసి పొడి అడిగాడు." "మూడో నెల కడుపు, చెప్పకుండా అడిగింది." ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగితే, తాతయ్య రోజుల నుంచీ మా అరుగు మీద కూర్చుని చీటీలు రాసిన వైద్యులు గారి పేరు చెప్పాడు. ఆయన మందు రాయడానికి ముందు పావుగంట ప్రశ్నలేనట. నాన్న పక్కన పొట్లాలు కడుతూ ఇరవై ఏళ్ళు ఆ ప్రశ్నలు విన్నాడు.

నేను స్లైడులో రాసుకున్న 30 ఏళ్ళ అనుభవం ఇదన్నమాట. నూనె ఎలా కాయాలో మాత్రమే దొంగతనంగా తెచ్చుకున్నాను. ఎవరికి ఇవ్వకూడదో అడగలేదు. 74 సీసాల్లో నూనె పోశాం. ఆ 37 వరసలు ఏ సీసాలోనూ పోయలేకపోయాం.

అబద్ధం గురించి నాన్న ఎత్తనేలేదు. నేనే ఎత్తాను. "ప్రాజెక్ట్ అని చెప్పి..." అనబోతే పుస్తకం మూసి "అన్నం చల్లారిపోతోంది, పద" అన్నాడు. ఆయన బాధపడ్డాడని నాకు తెలుసు. ఆ నలభై నిమిషాల ఫోన్ మళ్ళీ రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మొదటే చదవాల్సినవి చదివాను. ఆయుర్వేద మందు తయారు చేసి అమ్మాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఇంటి చిట్కాయే కదా అంటే కుదరదు. షెడ్యూల్ టీ అని ఒకటుంది, తయారీ ఎలా ఉండాలో చెబుతుంది. 1200 చదరపు అడుగుల కప్పున్న స్థలం, పనికో విడి గది, ముడిసరుకు పరీక్ష, ప్రతి విడతకీ రికార్డు, అర్హత ఉన్న వైద్యుడి పర్యవేక్షణ. సివిల్ వాడి డాబా ఇందులో ఏ లెక్కకీ రాదు. ఏయే గ్రంథాల ప్రకారం తయారు చేయవచ్చో ఆ చట్టంలోనే పట్టిక ఉంది. చరకం, సుశ్రుతం పక్కన మన బసవరాజీయం పేరు కూడా చూసి ఆ బాధలోనూ ఆనందించాను.

ఆ తర్వాత 1954 చట్టం, అభ్యంతరకరమైన మందుల ప్రకటనల మీద. ఫలానా జబ్బులు తగ్గిస్తామని ప్రకటించడమే నేరమని ఒక జాబితా ఇచ్చింది. మధుమేహం, పక్షవాతం, ఊబకాయం, వాటితోపాటు కీళ్ళవాతం. మొదటి తప్పుకి ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మా లేబుల్ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. సీఎస్ఈ వాడు "ఒరేయ్, మన ఫస్ట్ ఆఫర్ లెటర్ జైలు నుంచి వచ్చేదన్నమాట" అన్నాడు. ఎవరం నవ్వలేదు.

ఒక సీనియర్ సలహా ఇచ్చాడు. నొప్పి మాట తీసేసి "బాడీ మసాజ్ ఆయిల్" అని రాసుకోండి, గొడవ ఉండదని. సౌందర్య సాధనాల తయారీకి కూడా లైసెన్సు కావాలి, అది వేరే సంగతి. కానీ నన్ను ఆపింది అది కాదు. లేబుల్ మీద నొప్పి అని లేకపోయినా కొనేవాడు నొప్పికే కొంటాడు. అది మాకు తెలుసు, ఆ సీనియర్‌కీ తెలుసు. మాట మాత్రమే మారుతుంది, కాలు అదే.

కొన్న 56 మందికీ మెసేజ్ పెట్టాం. సీసా తెచ్చివ్వండి, డబ్బులిస్తాం, ఒక కాలే వాచి నొప్పెడుతుంటే రుద్దకుండా డాక్టరుకి చూపించండి అని. 41 సీసాలు వెనక్కొచ్చాయి. బహుమతి డబ్బు అయిపోయింది, ముగ్గురం ఇంటి నుంచి వచ్చే నెల ఖర్చుల్లోంచి వేసుకున్నాం. కొందరు ఇవ్వనన్నారు. వర్క్‌షాప్ సార్ అయితే "నాకు బ్రహ్మాండంగా పనిచేసిందయ్యా, ఇంకోటి ఉంటే ఇవ్వు" అన్నారు. ఆయనకి ఏం చెప్పాలో తెలియలేదు. నిజంగా పనిచేసి ఉండొచ్చు. వెచ్చటి నూనె, రుద్దుడు, కర్పూరం చల్లదనం సుఖాన్నిస్తాయి. ఏమీ రాయకపోయినా వారంలో తగ్గిపోయే నొప్పులూ చాలా ఉంటాయి. రాసుకోని ఇంకో యాభై మందిని పక్కన పెట్టి చూడకుండా, తగ్గింది మా నూనె వల్లే అని నేనెలా అంటాను? ల్యాబ్‌లో కంట్రోల్ లేకుండా రీడింగ్ తీస్తే సార్ రికార్డు విసిరికొడతారు. నా స్టార్టప్‌కి మాత్రం వాట్సాప్ స్టేటస్‌లు సరిపోయాయి.

ఇదంతా చదివి, సంప్రదాయ వైద్యం వ్యాపారం వద్దంటున్నాననుకోకండి. ఆ కొట్టే నన్ను చదివించింది, ఇంకా చదివిస్తోంది. మా ముగ్గురం విడిపోలేదు కూడా. ఈ సెమ్ మినీ ప్రాజెక్టుకి నాన్న సొరుగుల్లోంచి పన్నెండు సరుకులు తెచ్చాను, ఈసారి నిజం చెప్పి. ఆయుర్వేద ఫార్మకోపియాలో ప్రతి మూలికకీ కొలతలున్నాయి. చెత్తాచెదారం ఎంత దాకా ఉండొచ్చు, కాల్చితే బూడిద ఎంత రావాలి, ఆమ్లంలో కరగని బూడిద ఎంత. ఆ చివరిది ఎక్కువొస్తే సరుకులో ఇసుక ఉన్నట్టు. ఇవి మన ల్యాబ్‌లో మఫుల్ ఫర్నేస్‌తో చేయగలిగిన పరీక్షలే. మొదటి విడతలో రెండు సరుకులు తప్పాయి. నాన్నకి చెబితే ఏ వ్యాపారి దగ్గర కొన్నాడో వెంటనే చెప్పాడు. పరీక్ష చేసి, తేదీ వేసి, వైద్యులకి మాత్రమే ముడిసరుకు అమ్మడం ఎప్పటికైనా వ్యాపారం అవుతుందేమో చూడాలి. దాంట్లో లాభం తక్కువ, రివ్యూలు అసలే రావు. విజయవాడలో బీఏఎంఎస్ చదువుతున్న మా పెద్దమ్మ కూతురు ఇంటర్న్‌షిప్ అయ్యాక చూద్దాం అంది. ఆ చదువు మొత్తం ఐదున్నరేళ్ళు. మేం రెండు రోజుల్లో నూనె కాశాం.

జూనియర్స్‌లో ఎవరి దగ్గరైనా అమ్మమ్మ చిట్కా, తాతగారి తైలం ఉంటే, దాంతో ఏదైనా చేయాలనుంటే నా రూంకి రండి. తయారీ ఎలాగో అడగడానికి కాదు. వాళ్ళు దాన్ని ఎవరెవరికి ఇవ్వరో ముందు ఇంట్లో కనుక్కుని రండి. ఆ జాబితా లేకపోతే వ్యాపారం ఇంకా మొదలవలేదన్నట్టే.

సంక్రాంతి సెలవులకి కొట్లో కూర్చున్నాను. ఫోన్ నాలుగు నిమిషాలే ఉంటోంది ఇప్పటికీ, కానీ తిన్నావా కంటే ముందు "ఆ అక్క కాలు ఎలా ఉంది?" అని అడుగుతున్నాడు నాన్న. ఆరోజు ఒక పెద్దాయన వచ్చి నొప్పుల నూనె సామాను కావాలన్నాడు. నాన్న సొరుగు తీయకుండా నా వైపు చూశాడు.

"ఒక కాలా తాతా, రెండు కాళ్ళా?" అన్నాను.

"రెండూ బాబూ, పదేళ్ళ నుంచీ. గవర్నమెంటాసుపత్రిలో చూపించా, అరుగుదలన్నారు."

వాపు లేదు, వేడి లేదు, అడగాల్సినవన్నీ అడిగాను. పొట్లం కట్టాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, విప్పి, చిటికెడు తీసి పక్కన పెట్టాడు.

"కర్పూరం ఎక్కువేశావ్" అని మళ్ళీ దారం చుట్టాడు.